మూడు పౌండ్లకు మించని మాంచెస్టర్: ఒక పాత పుస్తకాల ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

చిన్నప్పుడు మా సాంఘిక శాస్త్రం పాఠంలో మాంచెస్టర్ అంటే ఊరు కాదు, గుడ్డ. మన చేనేత మగ్గాలను మూలన పడేసిన మిల్లు గుడ్డకు అది మరో పేరు. ఆ పేరు గల ఊళ్లోనే ఇన్నేళ్లు కాపురం ఉండి కూడా, రైలు దిగి ఆఫీసుకు నడిచే దారి తప్ప దాని గతం గురించి ఏమీ తెలియకపోవడం కొంతకాలంగా నన్ను బాధిస్తోంది. అందుకే ఈ ప్రాజెక్టు మొదలుపెట్టాను. నగర మధ్యభాగపు చరిత్రను ఛారిటీ షాపుల్లో దొరికే పాత పుస్తకాల ద్వారానే తెలుసుకోవాలి. ఒక్కో పుస్తకం 3 పౌండ్లు దాటకూడదు. ఉత్తరాన కెథీడ్రల్ నుంచి దక్షిణాన మెడ్‌లాక్ నది వరకు, అంటే సుమారు అరగంట నడకలో ఉన్న మేర దాటి వెళ్లకూడదు. పుస్తకంలో చదివిన ప్రతి విషయాన్నీ రెండు చోట్ల సరిచూడాలి: మరో దశాబ్దంలో అచ్చయిన పుస్తకంలో ఒకసారి, వీధిలో నిలబడి ఒకసారి.

దాతలు ఇచ్చిన వస్తువులను స్వచ్ఛంద సేవకులు అమ్మి, వచ్చిన డబ్బును సేవా సంస్థకు పంపే ఈ దుకాణాలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. కొత్త పుస్తకాల అంగట్లో ఇవాళ అమ్ముడుపోయే చరిత్రే దొరుకుతుంది. ఛారిటీ షాపు అరకు చేరేది ఎవరి ఇంట్లోనో ముప్పై నలభై ఏళ్లు ఉండి, ఆ ఇల్లు ఖాళీ చేసిన రోజున అట్టపెట్టెల్లో బయటికి వచ్చిన పుస్తకం. మున్సిపాలిటీ వేసిన కరపత్రాలు, చర్చి శతజయంతి సంచికలు, వయోజన విద్యా తరగతుల వాళ్లు కూడబలుక్కుని రాసుకున్న జ్ఞాపకాలు పెద్ద ప్రచురణకర్తల జాబితాల్లోకి ఎక్కవు. వాటిని కొన్నవాళ్లు దాచుకున్నారు కాబట్టే అవి మిగిలాయి.

ఈ వారం నాలుగు దుకాణాలు తిరిగి ఏడు పుస్తకాలు తెచ్చాను, మొత్తం 13 పౌండ్లు. రెండింటికి చెమ్మ వాసన ఉంది. వాటిని పుటలు విచ్చుకునేలా నిలబెట్టి గాలి ఆడే పొడి గదిలో ఉంచాను.

రెండో వారం

పని మొదలుపెట్టగానే ఎదురైన మొదటి చిక్కు తేదీ. ఏడింటిలో మూడు చిన్న పుస్తకాల మీద అచ్చయిన సంవత్సరమే లేదు. ఏ సంవత్సరపు మాటో తెలియని సాక్ష్యాన్ని మరో సాక్ష్యంతో పోల్చడం కుదరదు కనుక, ఈ వారమంతా తేదీలు నిర్ణయించడంతోనే గడిచింది. నిజానికి ఇంతవరకు నేను నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చిన విద్య ఇదే.

మొదట చూడవలసింది ధర. షిల్లింగుల్లో ఉంటే అది 1971 ఫిబ్రవరి 15కు ముందుది. ఆ రోజున బ్రిటన్ దశాంశ నాణేలకు మారింది. తరువాత చూడవలసింది చిరునామా. గ్రేటర్ మాంచెస్టర్ అనే కౌంటీ 1974 ఏప్రిల్ 1న ఏర్పడింది కాబట్టి ఆ పేరు కనిపిస్తే పుస్తకం దాదాపుగా ఆ తరువాతిదే. ఫోను నంబరు మరో మంచి ఆనవాలు: నగరపు కోడ్ 061గా ఉంటే 1995 ఏప్రిల్‌కు ముందుది, 0161గా ఉంటే ఆ తరువాతిది. పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్యలో 13 అంకెలు ఉంటే 2007 జనవరి తరువాతిదనీ, 10 అంకెలు ఉంటే అంతకు ముందుదనీ స్థూలంగా చెప్పవచ్చు. 1960ల చివర కొద్దికాలం 9 అంకెలే ఉండేవి.

మూడింటిలో ఒకదాని ధర 25 కొత్త పెన్నీలు, చిరునామాలో లాంకషైర్ అని ఉంది. దాన్నిబట్టి 1971–74 మధ్యదని రాసుకుని, మళ్లీ ఆగాను. కౌంటీ మారిన తరువాత కూడా ఇక్కడి జనం అలవాటుగా లాంకషైర్ అనే రాసుకున్నారు, ఇప్పటికీ కొందరు రాస్తున్నారు. అందువల్ల లాంకషైర్ అన్న మాట ఒక్కటే పై గడువును నిర్ణయించలేదు. అయితే లోపలి పుటల్లో, ఆర్న్‌డేల్ షాపింగ్ సెంటర్ కోసం మార్కెట్ స్ట్రీట్ పక్కన పాత వీధులు కూలుతున్న సంగతి వర్తమాన క్రియలో ఉంది. ఆ కట్టడం 1970ల మొదట్లో ఆరంభమై, దశాబ్దం రెండో సగంలో దశలవారీగా తెరుచుకుంది. రెండు ఆనవాళ్లూ కలిసిన తరువాతే పెన్సిలుతో ‘1972–74’ అని చీటీ రాసి అట్ట లోపల పెట్టాను.

ఆ పుస్తకంలోనే ఒక ట్రాము టికెట్టు దొరికింది. మాంచెస్టర్ పాత ట్రాములు 1949 జనవరిలో ఆగిపోయాయి, కొత్త మెట్రోలింక్ ట్రాములు 1992లో వచ్చాయి. టికెట్టు ముతక కాగితాన్ని చూస్తే పాత ట్రాములదే. అంటే పుస్తకం కన్నా టికెట్టే కనీసం ఇరవై ఏళ్లు పెద్దది. ఎవరో దాన్ని అంతకాలం దాచుకుని, మార్కెట్ స్ట్రీట్ కూల్చివేత గురించి రాసిన పుట దగ్గరే ఉంచారు. నేను దాన్ని అక్కడి నుంచి కదల్చలేదు.

మూడో వారం

తుప్పు పట్టిన పిన్నులు తీసి, అవే రంధ్రాల గుండా గట్టి దారంతో రెండు పుస్తకాలను కుట్టాను. దుకాణాల్లో కొత్తగా ఏమీ రాలేదు.

ఐదో వారం

ఈ వారం చేసిన పొరపాటును వివరంగా రాయాలి, ఎందుకంటే ప్రాజెక్టు నడిచే పద్ధతి దీనితోనే మారింది.

కెథీడ్రల్ దగ్గర ఓల్డ్ వెల్లింగ్టన్ అనే కలప చట్రపు భవనం ఉంది. 1552లో కట్టినదని చెప్తారు. ఇప్పుడు పబ్బుగా నడుస్తోంది. నా దగ్గరున్న పాత ఫొటోల పుస్తకంలో, యుద్ధానంతర కాలపు చిత్రం ఒకటి దీనిదే. నేను నేటి వీధి పటం మీద ట్రేసింగ్ కాగితం పరచి, పాత చిత్రాల్లో కనిపించే భవనాలను ఒక్కొక్కటిగా గుర్తిస్తున్నాను. ఓల్డ్ వెల్లింగ్టన్ ఎదుటే ఉంది కదా అని, నేటి స్థానంలోనే చుక్క పెట్టి, ఆ చిత్రంలోని మిగతావన్నీ దాన్ని ఆధారం చేసుకుని గుర్తించాను. ఒక్కటీ కుదరలేదు. చిత్రంలో కెథీడ్రల్ శిఖరం దూరంగా కనిపిస్తోంది, ఇప్పుడు చూస్తే పక్కనే ఉంది. చిత్రంలో పొరుగు భవనమైన సింక్లెయిర్స్, వెల్లింగ్టన్ ఒకే వరుసలో ఉన్నాయి. ఇప్పుడవి లంబకోణంలో నిలబడి ఉన్నాయి. ఫొటోను తిరగేసి అచ్చు వేశారేమోనని కూడా అనుకున్నాను.

సమాధానం మరో రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివితే దొరికింది. 1980ల నాటి మార్గదర్శి పుస్తకంలో ఈ భవనం షాంబుల్స్ స్క్వేర్ అనే కాంక్రీటు ఆవరణ మధ్య ఉంది. 1970లలో ఆ ఆవరణ కట్టినప్పుడు మొత్తం భవనాన్ని 4 అడుగుల 9 అంగుళాలు పైకి ఎత్తారట. 2000 తరువాతి పుస్తకం మిగతా కథ చెప్పింది. 1996 జూన్ 15న, ఒక శనివారం ఉదయం, ఐఆర్‌ఏ అనే ఐరిష్ సాయుధ సంస్థ కార్పొరేషన్ స్ట్రీట్‌లో లారీ బాంబు పేల్చింది. ముందే హెచ్చరిక అందడం వల్ల జనాన్ని తరలించగలిగారు. ప్రాణనష్టం జరగలేదు కానీ 200 మందికి పైగా గాయపడ్డారు. ఆ తరువాత నగర మధ్యభాగాన్ని కొత్తగా రూపొందించినప్పుడు వెల్లింగ్టన్‌నూ సింక్లెయిర్స్‌నూ విప్పి, కెథీడ్రల్ వైపు జరిపి తిరిగి నిలబెట్టారు. ఆ పని 1999లో పూర్తయింది. లంబకోణం అప్పుడు వచ్చిందే.

నాలుగు శతాబ్దాలకు పైగా నిలిచిన ఇల్లే నా పటంలో కదలని గుర్తు అనుకున్నాను. పటంలో కదిలినవి అదీ, దాని పొరుగునున్న సింక్లెయిర్సే. అదే కార్పొరేషన్ స్ట్రీట్‌లో బాంబు పేలిన చోటికి కొద్ది గజాల దూరంలో ఒక ఎర్ర తపాలా పెట్టె చెక్కుచెదరకుండా మిగిలింది; దాని మీద ఇప్పుడు చిన్న ఇత్తడి ఫలకం ఉంది. శనివారం వెళ్లి దాని పక్కన నిలబడి, వెల్లింగ్టన్ పాత స్థానం వైపు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ట్రేసింగ్ కాగితాన్ని చింపేసి మూడు కాగితాలు చేశాను: 1940కి ముందు, 1975 తరువాత, 1999 తరువాత. ఇకమీదట ఏ భవనాన్నైనా ఆయా పుస్తకపు కాలానికి చెందిన కాగితం మీదే గుర్తించాలి.

ఏడో వారం

ఒకే సంఘటనను వేర్వేరు కాలాల పుస్తకాలు ఏ మాటల్లో చెప్పాయో చూడాలనిపించి, పీటర్లూ తీసుకున్నాను.

1819 ఆగస్టు 16న సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే మైదానంలో సుమారు 60,000 మంది చేరారు. అప్పటికి పారిశ్రామిక నగరంగా ఇంత పెరిగినా మాంచెస్టర్‌కు పార్లమెంటులో సొంత సభ్యుడు లేడు. వాళ్లు అడిగింది పార్లమెంటు సంస్కరణ. వక్త హెన్రీ హంట్‌ను అరెస్టు చేయమని మేజిస్ట్రేట్లు ఆజ్ఞాపించారు. కత్తులు దూసిన అశ్వికులు జనంలోకి దూసుకెళ్లారు. మృతుల సంఖ్యను నేటి చరిత్రకారులు సాధారణంగా 18గా చెప్తారు. గాయపడినవారు వందల్లో ఉన్నారు. నాలుగేళ్ల కిందటి వాటర్లూ యుద్ధాన్ని ఎత్తిపొడుస్తూ దానికి పీటర్లూ అని పేరు పడింది. నగరానికి సొంత ప్రతినిధులు 1832 సంస్కరణ చట్టంతో గాని రాలేదు.

నా అరలో దీని ప్రస్తావన ఉన్న పుస్తకాలు ఐదు. షిల్లింగుల ధర ఉన్న మార్గదర్శిలో ఒకే వాక్యం, అదీ ఆ మైదానం మీద తరువాత కట్టిన ఫ్రీ ట్రేడ్ హాల్ వాస్తుశిల్పం గురించి చెప్తూ పక్కమాటగా. 1970ల పుస్తకంలో ఒక పేరా. 1980లలో తరగతి విద్యార్థుల కోసం వేసిన చిన్న పుస్తకంలో మొత్తం ఆరు పుటలు, ఊరేగింపులు ఏ ఊళ్ల నుంచి ఏ దారిన వచ్చాయో చూపే పటంతో సహా. పుస్తకం చిన్నదైనకొద్దీ, రాసినవారు పేరు లేనివారైనకొద్దీ, ఈ విషయం మీద మాట సూటిగా ఉందని నాకు అనిపించింది. ఐదు పుస్తకాలతో సిద్ధాంతం చేయకూడదు. అయినా డైరీలో రాసుకుంటున్నాను.

వీధిలోనూ ఇదే కథ ఉంది. ఆ స్థలంలో ఇదివరకు ఉన్న నీలిరంగు ఫలకం సైన్యం జనాన్ని చెదరగొట్టిందని మాత్రమే చెప్పేది, చావుల మాట ఎత్తేది కాదు. పౌరుల ఉద్యమం తరువాత 2007లో దాన్ని తీసి ఎర్ర ఫలకం పెట్టారు. శాంతియుతంగా చేరిన స్త్రీ పురుషుల మీద, పిల్లల మీద సాయుధ అశ్వికదళం దాడి చేసిందనీ, 15 మంది చనిపోయారనీ, 600 మందికి పైగా గాయపడ్డారనీ దాని మీద ఉంది. ద్విశతాబ్ది ఏడాది 2019లో జెరెమీ డెల్లర్ రూపొందించిన వృత్తాకారపు మెట్ల స్మారకం కూడా దగ్గరలోనే వచ్చింది. 2007కు ముందు అచ్చయిన నా పుస్తకాల్లో ఒకదానిలో పాత నీలి ఫలకం ఫొటో ఉంది. ఫలకం తీసేసినా ఆ వాక్యం రెండు పౌండ్ల పుస్తకంలో మిగిలే ఉంది. నగరం ఇదివరకు తన గురించి ఎలా మాట్లాడిందో తెలియాలంటే ఇలాంటి పుస్తకాలు పారేయకుండా ఉండాలి. కాలం చెల్లిన మార్గదర్శిని పనికిరాదని అరలోంచి తీసేసే ప్రతిసారీ ఒక సాక్షి పోయినట్టే.

ఆ మైదానం మీద తరువాత ఏమేమి లేచాయో కూడా పుస్తకాల వరుసలో కనిపించింది. ధాన్యం దిగుమతి చట్టాలకు వ్యతిరేకంగా పోరాడినవారు మొదట చెక్క మంటపం, తరువాత ఇటుక హాలు, చివరికి 1856 నాటికి రాతి ఫ్రీ ట్రేడ్ హాల్ కట్టారు. 1940 డిసెంబరు బాంబుదాడుల్లో గోడలే మిగిలాయి. 1951లో కచేరీ హాలుగా తిరిగి తెరిచారు. ఇప్పుడది హోటల్.

తొమ్మిదో వారం

పత్తి గురించిన పుస్తకం కోసం ఇన్ని వారాలు ఎదురు చూశాను. చివరికి బూట్ల అర కింద ఉన్న పెట్టెలో, అమెరికా అంతర్యుద్ధ కాలపు పత్తి కరువు మీద వేసిన సన్నటి పుస్తకం 1 పౌండుకు దొరికింది.

1861–65 మధ్య దక్షిణాది రేవుల దిగ్బంధం వల్ల అమెరికా పత్తి ఆగిపోయింది. లాంకషైర్ మిల్లులు నిలిచిపోయి లక్షల మంది పని కోల్పోయారు. లోటు తీర్చడానికి తెచ్చింది మన పత్తి. ఏ జిల్లాలో పండినా ఇక్కడివాళ్లు దాన్ని సూరత్ అనే పిలిచారు. పొట్టి పింజ కావడం వల్ల, చెత్త కలిసి రావడం వల్ల నూలు మాటిమాటికీ తెగేది. ముక్క లెక్కన కూలి తీసుకునే నేతగాళ్లకు తెగిన ప్రతి పోగూ కూలి కోతే. దేవుడు పత్తి పంపాలని ప్రార్థిస్తున్న సభలో, సూరత్ మాత్రం వద్దు స్వామీ అని ఒకరు అరిచారన్న కథ ఇక్కడ బాగా ప్రసిద్ధం. ఆ పుట దగ్గర చాలాసేపు ఆగాను. మన పాఠంలో మాంచెస్టర్ గుడ్డ మన నేతగాడి కూడు లాక్కుంది. ఈ పుస్తకంలో మన పత్తి ఇక్కడి నేతగాడి కూలి కోసింది. రెండు చోట్లా మగ్గం ముందు కూర్చున్నవాడికి ధర నిర్ణయించే చోట మాట చెల్లలేదు.

అయినా 1862 డిసెంబరు 31న ఫ్రీ ట్రేడ్ హాల్‌లో సమావేశమైన కార్మికులు బానిసత్వానికి వ్యతిరేకంగా లింకన్‌కు మద్దతు తీర్మానం పంపారు. 1863 జనవరి 19న ఆయన మాంచెస్టర్ శ్రామికులను ఉద్దేశించి జవాబు రాశాడు. లింకన్ విగ్రహం 1919లో నగరానికి వచ్చింది. మొదట ప్లాట్ ఫీల్డ్స్ పార్కులో ఉండి, 1986లో నగర మధ్యకు, ఇప్పటి లింకన్ స్క్వేర్‌కు మారింది. దాన్ని కూడా నేను ఒకే కాగితం మీద గుర్తించబోయి, తేదీ చూసి ఆగాను.

ధర నిర్ణయించే ఆ చోటికి, అంటే రాయల్ ఎక్స్‌ఛేంజ్‌కు ఆదివారం వెళ్లాను. పత్తి వ్యాపారం అక్కడ 1968లో ముగిసింది. చివరి రోజు ముగింపు ధరలు ఆ ఎత్తయిన బోర్డు మీద ఇంకా అలాగే ఉన్నాయి. 1976 నుంచి ఆ హాలులో నాటకశాల నడుస్తోంది. అంత బరువును నేల మోయలేదని, ఉక్కూ గాజూ కలిపిన ఏడు పక్కల రంగస్థలాన్ని హాలు నాలుగు పెద్ద స్తంభాలకు వేలాడదీశారు. పుస్తకంలో ఆ స్తంభాల చుట్టూ టోపీలు పెట్టుకున్న వర్తకులు కిక్కిరిసి ఉన్నారు. ఫొటో చేతిలో పట్టుకుని అదే స్తంభం పక్కన నిలబడితే, ధరల బోర్డును ఏ వైపు నుంచి చదివేవారో అర్థమైంది.

పదకొండో వారం

నగరం నడిబొడ్డున ఒక నది ఉందని కాలువల గురించిన చిన్న పుస్తకంలో చదివేదాకా నాకు తెలియదు. దాని పేరు టిబ్. మైల్స్ ప్లాటింగ్ వైపు పుట్టి, మెడ్‌లాక్‌లో కలిసే ఈ చిన్న ప్రవాహాన్ని 18వ శతాబ్ది చివరి నుంచే నేల కిందికి తోసేశారు. గ్రంథాలయానికి వెళ్లి 1850 ప్రాంతపు ఆర్డ్‌నెన్స్ సర్వే పటం చూశాను. మైలుకు 5 అడుగుల కొలత కలిగిన ఆ పటంలో దీపస్తంభాలు కూడా కనిపిస్తాయి, నది మాత్రం కనిపించదు.

ఉన్నవి పేర్లే. నార్తర్న్ క్వార్టర్‌లో టిబ్ స్ట్రీట్ ఉంది. అక్కడి నుంచి చాలా దూరాన, అల్బర్ట్ స్క్వేర్ దగ్గర టిబ్ లేన్ ఉంది. ఈ రెండు వీధులకూ పైన ఏ కలయికా లేదు. పుస్తకం చెప్పిన దారిని ట్రేసింగ్ కాగితం మీద గీస్తే, ప్రవాహం టిబ్ స్ట్రీట్ కింద సాగి, మార్కెట్ స్ట్రీట్ దాటి, వెస్ట్ మోజ్లీ స్ట్రీట్ కింద నుంచి ప్రిన్సెస్ స్ట్రీట్ దాటి, సెంట్రల్ లైబ్రరీ, మిడ్‌లాండ్ హోటల్ ఉన్న నేల అడుగున పోతుంది. అంటే 1934లో తెరిచిన ఆ వలయాకారపు భవనంలో కూర్చుని నేను టిబ్ కోసం పటం వెతుకుతున్నంతసేపూ అది నా కాళ్ల కిందే ఉంది.

ఒక విన్నపం: ఇంట్లో పాత వీధి పటాల పుస్తకాలు ఉన్నవారు కొత్త పటం ఫోనులో ఉంది కదా అని వాటిని పారేయవద్దు. 1960ల వీధి పటం ఒకటి ఈ వారం 2 పౌండ్లకు దొరికింది. ఆర్న్‌డేల్ మింగేసిన చిన్న వీధులన్నీ దాని సూచికలో పేర్లతో ఉన్నాయి. ఆ సూచికను నేటి పటంతో పోల్చి, మాయమైన పేర్లను నా పుస్తకంలో ఎక్కించడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

పదమూడో వారం

ఇప్పటికి 31 పుస్తకాలు. మూడు రెండేసి ప్రతులు వచ్చాయి కాబట్టి వాటిలో ఒక్కొక్కటి తిరిగి దుకాణానికే ఇచ్చేశాను. వాటిలో 1980ల మార్గదర్శి ఒకటి ఉంది. ఓల్డ్ వెల్లింగ్టన్ ఉన్న పుట దగ్గర, ఈ భవనం 1999 నుంచి ఇక్కడ లేదని, పాత స్థానాన్ని కనుక్కోవాలంటే కార్పొరేషన్ స్ట్రీట్ తపాలా పెట్టె నుంచి ఎటు నడవాలో రాసిన చీటీ పెట్టాను. పుస్తకాలు సర్దే పెద్దావిడకు ఆ చీటీ చూపించి, ఉంచవచ్చా అని అడిగాను. ఆవిడ చదివి, యుద్ధం తరువాత చుట్టూ ఖాళీ నేల ఉండగా ఆ ఇల్లు ఒక్కటే నిలబడి ఉన్న రోజుల్లో చిన్నపిల్లగా దాని ముందు నుంచి నడిచానని చెప్పారు. ఏ వైపు మేడలు కూలి ఉండేవో, ఏ వైపు కార్లు నిలిపేవారో ఆవిడ గల్లాపెట్టె బల్ల మీద వేలితో గీసి చూపిస్తుంటే, నేను రసీదు వెనక రాసుకున్నాను. ఆ గీత నా మూడు కాగితాల్లో దేనికీ సరిపోదు. 1940కీ 1975కీ మధ్య కాలానికి నాలుగో కాగితం మొదలుపెట్టాను.

వచ్చే వారానికి మిగిలిన పని: గేథార్న్ దగ్గర టిబ్ మెడ్‌లాక్‌లో కలిసే చోటు, మూడు పాత కాగితాల మీదా ఇంకా ఖాళీగానే ఉంది.